నాచారంలో సాఫ్ట్‌వేరా?

హైదరాబాద్‌కు ఈ చివరనున్న నాచారంలో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టానంటే బంధువులు జాలిపడేవారు. ఇక్కడ ఉన్నవన్నీ మందుల కంపెనీలు, లేతు మిషన్లు. మా ఆఫీసు కూడా ఒక లేతు షెడ్డు మేడ మీదే. అద్దె తక్కువని వచ్చాం, ఉప్పల్‌లో ఇంటికి దగ్గరని ఉండిపోయాం. కానీ మనిషి కాస్త పని నేర్చుకోగానే ఊరికి ఆ చివరనున్న హైటెక్ సిటీకి వెళ్లిపోయేవాడు. దూరపు కొండలు నునుపు అంటే ఎవరు వింటారు? చివరికి అనుభవం ఉన్న ఇంజనీరు ఒక్కడే మిగిలాడు. అతనూ పోతే తాళం వేసుకోవడమే.

అప్పుడే అతనికి దగ్గర్లోని కాప్రాలో సంబంధం కుదిరింది. పెళ్లికూతురి తండ్రి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ మాస్టారు. అందరిలాగే ఆయనా చెప్పాపెట్టకుండా వాకబుకు వచ్చారు. మమ్మల్ని తప్ప వీధంతా అడిగారు. టీ కొట్టువాడు "సాఫ్ట్‌వేరా? గవి ఈడ లేవు సార్, అన్నీ మందుగోలీల కంపెనీలే" అన్నాడట. ఇంకేముంది, అబ్బాయి అబద్ధాలకోరని సంబంధం వద్దన్నారు.

"నేనూ హైటెక్ సిటీ వైపే ఉద్యోగం చూసుకుంటాను సార్" అన్నాడు మర్నాడు మా ఇంజనీరు. నేను కిందికి దిగి షెడ్డు ఓనరుతో మొరపెట్టుకున్నాను.

కింద షెడ్డు, పైన మేడ రెండూ ఆయనవే. పాత నాచారం రైతు కుటుంబం. సంగతి విని నా మీదే మండిపడ్డాడు. "ఒక బోర్డన్న వెట్టకపోతివి! ఇగ ఫికర్ జేయకు, ఆ సారును నేను తోల్కొస్త సూడు."

బండి మీద కాప్రా వెళ్లి మాస్టారిని వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. పైన మాటలు వినబడాలని కింద మిషన్లన్నీ ఆపించాడు. ఆర్డర్ల మధ్య పని ఆపడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ మేలు ఈ జన్మకు మరచిపోను.

మాస్టారు ప్రతి కంప్యూటరూ చూశారు. మా ఇంజనీరు పరీక్ష రాస్తున్నవాడిలా చెమటలు కక్కుతూ తన పని చూపించాడు. అంతా విన్నాక ఆయన నెమ్మదిగా నన్ను అడిగారు.

"మా అమ్మాయిదీ సాఫ్ట్‌వేరేనండీ. రోజూ హైటెక్ సిటీకి వెళ్లి వచ్చేసరికి అన్నం తినే ఓపిక కూడా ఉండటం లేదు. ఇక్కడేమైనా దొరుకుతుందా?"

ఖాళీలకేం, ఉన్నాయి; కంపెనీ నిలుస్తుందన్న నమ్మకమే లేదు. ఉన్నవాడే పోతానంటున్నాడు. అదే చెప్పబోయాను.

"ఎందుకు దొరకది సారూ?" అన్నాడు మా ఓనరు. "మీరు సంబంధం వద్దన్నరని పోతనంటున్న ఈ పిలగాన్ని ముందు ఈడ ఉండనియ్యున్రి. కంపెనీ ఉంటెనే గద, పిల్లకు కొలువు!"

మాస్టారు మా ఇంజనీరు వైపు తిరిగారు. "మీ నాన్నగారిని ఆదివారం ఇంటికి రమ్మను బాబూ. నువ్వు మాత్రం ఈ ఉద్యోగం వదలకు."

అతను నవ్వాడు. కళ్లు తుడుచుకున్నది నేను.