గోడ కట్ట, బోరు కట్ట

మొన్న కడపలో పళ్ల డాక్టరు నా చిగుళ్లకు సూది వేసి, మొద్దుబారేదాకా బయట కూర్చోమన్నాడు. కూర్చుని ఫోన్ తీస్తే, ఒక వీడియోలో ఎవరో ఒకాయన బల్ల మీద రెండు కార్డుల కట్టలు పరిచి, చూడటానికి ఒకేలా ఉండే ఈ రెండింటిలో పోటీకి ఏది మేలో వివరంగా చెబుతానన్నాడు. మామూలుగా అయితే వేలితో పైకి తోసేసేవాణ్ణి. సగం మొహం నాది కాకుండా పోయినప్పుడు మనిషికి ఓపిక వస్తుందనుకుంటాను, చివరిదాకా చూశాను. ఆయన లెక్కలు వేశాడు, గీతలు గీశాడు, ఆఖరికి అది ఆడేవాడి స్వభావాన్ని బట్టి ఉంటుందని తేల్చాడు. ఇదే సంగతి మా అన్న రెండువేల అయిదో ఆరో, ఆ వేసవిలో రాజంపేటలో కారందోసె తింటూ చెప్పాడు. దోసె అయిపోకముందే చెప్పాడు కూడా.

అన్న అంటే మా పెదనాయన కొడుకు. ఉమ్మడి ఇల్లు, కింద కిరాణా అంగడి, పైన మేమందరం. అన్న అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి ఉన్నాడు, నేను వాడికంటే ఒక తరగతి వెనక. మధ్యాహ్నం టీవీలో ఒక కార్టూన్ వచ్చేది. అందులో పిల్లలు కార్డులు విసిరితే వాటిలోంచి రాక్షసులు లేచి కొట్టుకునేవారు. ఆ కార్డుల నకళ్లు మా వీధి చివర ఫ్యాన్సీ షాపులో పొట్లాలుగా దొరికేవి. రంగు ఒక పక్కకు జరిగిపోయి ఒక్కో రాక్షసుడికి రెండేసి ముక్కులుండేవి. మా కార్డుల్లోంచి ఎవరూ లేచి రాలేదు. ఆ ఎండలకు కుక్కలే లేవడం లేదు, రాక్షసులు యాడ లేస్తారని అన్న అనేవాడు.

మా ఇంట్లో కార్డులు పట్టుకోవడం అంత చిన్న విషయం కాదు. మా చిన్నాయన పేకాటలో పడి, అంగడిలో తన వాటా మొత్తం పోగొట్టుకుని, ఇప్పుడు ప్రొద్దుటూరులో ఎవరి దగ్గరో గుమాస్తాగా ఉన్నాడు. అప్పటినుంచి పెదనాయన ముందు 'ముక్క' అనే మాట వినబడకూడదు. పెద్దమ్మ మామిడికాయ ముక్క కావాలా అని అడగడానికి కూడా అటూ ఇటూ చూసేది. అందుకని అన్న ఒక ఉపాయం చేశాడు. ఇది జూదం కాదు, వ్యాపారం అని వాళ్ల నాయనకు కళ్లారా చూపించాలనుకున్నాడు. ఆదివారం పొద్దున అంగడి మెట్ల మీద తువ్వాలు పరిచి కార్డులన్నీ పెట్టుకుని కూర్చునేవాడు. వీధిలో పిల్లలు తమ కార్డులు తెచ్చి మార్చుకునేవాళ్లు. నియమాలు కూడా అంగడివే. సరుకంతా బయట పెట్టాలి, దాచుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బోణీ బేరం. లోపల పెదనాయన మొదటి గిరాకీని ఏనాడూ వట్టి చేతులతో పంపేవాడు కాదు. అలాగే మెట్ల మీద కూడా మొదట వచ్చినవాడు ఏ కార్డు అడిగినా, దానికి బదులు ఇస్తానన్నది న్యాయంగా ఉంటే కాదనకూడదు. ఈ నియమం పెట్టింది అన్నే. పెదనాయన గల్లాపెట్టె దగ్గరనుంచి ఇదంతా గమనించేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఆయన ఏమీ అనకపోవడమే మా ఇంట్లో ప్రశంసాపత్రం.

ఇక కట్టల సంగతి. ఆటలో ప్రతివాడి ముందూ ఒక కట్ట బోర్లా ఉంటుంది. వంతు వచ్చినప్పుడల్లా పైనుంచి ఒక కార్డు తీసుకోవాలి. తీసుకోవడానికి కార్డు లేనివాడు ఓడినట్టు. ఊళ్లో అందరూ ఆ చివరి నియమాన్ని పట్టించుకోకుండా రాక్షసులతో కొట్టుకునేవారు. పట్టించుకున్నది ఇద్దరే, మా అన్న, మా మేనత్త కొడుకు. మేనత్తవాళ్లది అదే వీధిలో బట్టల అంగడి, నాకు బావ వరస. అన్నది గోడ కట్ట. ఎదుటివాడు ఎంత కొట్టినా ఆపే కార్డులే ఉంటాయందులో. కట్ట కూడా ఇటుకంత లావు. వాడు కొట్టీ కొట్టీ, ప్రతి వంతుకూ ఒక కార్డు తీసుకుంటూ తనంతట తానే అయిపోతాడు. బావది బోరు కట్ట. అందులోనూ సగానికి పైగా అవే అడ్డుకునే కార్డులు, పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో నాకే తెలిసేది కాదు. మిగతా సగంతో బావ ఎదుటివాడి కట్టను తోడేస్తాడు. తన కట్టలోంచి ఒక కార్డు పారేసి, ఎదుటివాడి కట్టలోంచి రెండు పారేయిస్తాడు. పక్క తోటలో లోతుగా బోరు వేస్తే మన బావి ఎండిపోయినట్టన్నమాట. దీనికి మా ప్రాంతంలో వేరే వివరణ అవసరం లేదు.

రెండింటికీ తేడా ఏమిటని నేనడిగితేనే, అన్న దోసె తింటూ, "బోరు ఆడేటోనికి ఎదుటోడు అయిపోవాల. గోడ ఆడేటోనికి తాను అయిపోకుంటే చాలు" అన్నాడు.

మాట బాగానే ఉంది కానీ, గోడకూ బోరుకూ నేరుగా పడితే బోరే గెలుస్తుంది. ఎంత లావు ఇటుకైనా రెండేసి చొప్పున అరిగితే ఎంతసేపు? దానికి అన్న దగ్గర ఒకే ఒక్క మందు ఉండేది. తాబేలు కార్డు. అది వేస్తే పారేసిన కార్డులన్నీ మళ్లీ కట్ట అడుక్కు వచ్చి చేరతాయి. ఊరు మొత్తంలో ఆ కార్డు అన్న దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. వేసవంతా నేను బావలాగా బోరు కట్ట ఆడుతూ అన్నకు సాధన చేయించాను. తాబేలు ఉన్నప్పుడు అన్న దాదాపు ప్రతిసారీ గెలిచాడు. తీసేసి ఆడితే రెండు మూడు కార్డుల తేడాతో ఓడేవాడు. అంత దగ్గరగా ఓడటం చూడటానికి అందంగా ఉండేది. ఉపయోగం మాత్రం లేదు.

ఈ సాధన ఎందుకంటే, పొట్లాలు సరఫరా చేసే కర్నూలు వ్యాపారి అక్కడ పోటీ పెడుతున్నాడనీ, ఒక్కో ఊరినుంచి ఒక్కణ్ణే పంపమన్నాడనీ ఫ్యాన్సీ షాపాయన చెప్పాడు. అన్న కర్నూలు పోవాలనుకున్నాడు. అప్పటిదాకా వాడు ఒంటిమిట్ట దాటి వెళ్లింది లేదు, అదీ కళ్యాణానికి, అదీ పెద్దమ్మ కొంగు పట్టుకుని. వెళ్లి పెదనాయనను అడిగాడు. పెదనాయన బెల్లం దిమ్మ పగలగొడుతూ, ఊళ్లో గెలిస్తే పొమ్మన్నాడు. ఓడితే కార్డులన్నీ స్నానాల నీళ్లపొయ్యిలో వేయాలన్నాడు. ఊళ్లో గెలవాలంటే బావను గెలవాలి. ఆట ఆదివారం మధ్యాహ్నం, ఫ్యాన్సీ షాపులో.

ఆ ఆదివారం పొద్దున మెట్ల మీద కూర్చోవద్దని అన్నకు చెప్పాను. సరుకుండి అంగడి మూస్తే నాయన ఏమనుకుంటాడని వాడి ప్రశ్న. పోనీ తాబేలునన్నా లోపల పెట్టమన్నాను. నియమం పెట్టినవాడు నేనే కదా అన్నాడు. నిజాయితీ అనేది వేళ కాని వేళ వచ్చే చుట్టం లాంటిదని నాకు ఆరోజే అర్థమైంది. తువ్వాలు పరిచి, తాబేలుతో సహా అన్నీ పెట్టి కూర్చున్నాడు. ఇంకా ఎవరూ రాకముందే బావ వచ్చాడు. లోపలికి తొంగి చూసి, "బాగుండావా మామా" అని పెదనాయనను పలకరించి, మెట్టు మీద అన్నకు ఎదురుగా కూర్చున్నాడు.

"బోణీ నాదేనా?"

"నీదే. చెప్పు."

"తాబేలు ఇయ్యి. డ్రాగన్ ఇస్తా."

డ్రాగన్ అంటే ఎండలో పెడితే మెరిసే కార్డు. వీధిలో దాని కోసం సైకిలు ఇస్తానన్నవాడు కూడా ఉన్నాడు. న్యాయమైన బేరం కాదని ఎవరూ అనలేరు. కాకపోతే గోడ కట్టలో డ్రాగన్‌తో పనేమీ లేదు. సినిమాలో అయితే ఈపాటికి గాలి వీచి తువ్వాలు అంచు ఎగరాలి. మా రాజంపేటలో నెల రోజులుగా గాలే లేదు. నేను ఊరుకోలేక, మధ్యాహ్నం ఆట పెట్టుకుని ఇదేం బేరం బావా అన్నాను.

"నేనేమన్నా ఎత్తుకపోతాండానా? అడగతాండా. నచ్చకుంటే వద్దనమను" అన్నాడు బావ.

అన్న డ్రాగన్ వైపు చూడలేదు. లోపలికి చూశాడు. పెదనాయన ఎండుమిరపకాయలు తూస్తూ తక్కెడ ముల్లు వైపే చూస్తున్నాడు. తక్కెడ ఎప్పుడో నిలిచిపోయింది, ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"నచ్చింది" అన్నాడు అన్న. తాబేలు తీసి బావ చేతిలో పెట్టాడు.

బావ వెళ్లిపోయాక పెదనాయన పొట్లం కట్టడానికి దారం అందివ్వమని నన్ను లోపలికి పిలిచాడు. దారం ఆయన చేతి పక్కనే ఉంది.

"ఆ కార్డు లేకుంటే వాడు ఏమయితాడు?"

"ఓడిపోతాడు పెదనాయనా."

"తెలిసే ఇచ్చినాడా?"

తెలిసే ఇచ్చాడన్నాను. ఆయన పొట్లానికి రెండు చుట్లు చాలే చోట నాలుగు చుట్లు చుట్టి, పళ్లతో దారం తెంపాడు.

మధ్యాహ్నం ఆట గురించి గొప్పగా చెప్పాలని నాకూ ఉంది. కానీ కొట్టని కట్టలు రెండు ఎదురెదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందంటే, ఇద్దరు మనుషులు కరెంటు బిల్లు కట్టడానికి వరుసలో నిలబడ్డట్టు ఉంటుంది. చూడటానికి వచ్చిన పిల్లలు కాసేపటికే సోడాలకు వెళ్లారు, తిరిగి రాలేదు. తీర్పరి ఫ్యాన్సీ షాపాయనే. ఆయనకు ఆట తెలియదు, మధ్య మధ్యలో బొట్టుబిళ్లలు అమ్ముకుంటున్నాడు. అన్న ఒకటి తీస్తాడు, రెండు పారేస్తాడు. బావ ఒకటి తీస్తాడు, ఒకటి పారేస్తాడు. ఇటుక కాస్తా పలకయింది. నాకు లోపల ఏదో జరగాలి కదా అని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం గుర్తుంది. చివరికి అన్న వంతు వచ్చినప్పుడు చేయి అలవాటుగా ముందుకు వెళ్లి బల్లను తాకింది. వేళ్లతో బల్లను ఒకసారి తడిమి, "అయిపాయ" అన్నాడు. బావ కట్టలో ఇంకా రెండు కార్డులున్నాయి.

బావకూ గెలుపు ఎలా మోయాలో తెలియలేదు. తాబేలు తీసి అన్న వైపు జరిపి, "తీసుకోరా, నీదే కదా" అన్నాడు.

"బ్యారం అయిపాయ కదా" అన్నాడు అన్న, లేస్తూ.

సాయంత్రం పెద్దమ్మ పెరట్లో నీళ్లపొయ్యి రాజేసింది. పొగ కళ్లలో పడి తనే ముందు కళ్లు తుడుచుకుంది కాబట్టి, ఆ దృశ్యంలో ఏడ్చింది ఆమె ఒక్కతే. ఎవరూ చెప్పకుండానే అన్న కట్ట తెచ్చి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. పైకార్డు తీశాడు. అంతలో పెదనాయన అంగడిలోంచి వచ్చి వెనక నిలబడ్డాడు.

"లోపల పెట్టుకో పో. జూదగాడు అట్ల ఇయ్యడు" అన్నాడు.

మా ఇంటి చరిత్రలో అంతటి మాట పెదనాయన నోటినుంచి ఎవరికీ రాలేదు. వేసవంతా అన్న ఏ మాట కోసం మెట్ల మీద ఎండకు కూర్చున్నాడో ఆ మాట అది. నేను వాడి మొహం వైపు చూశాను. వాడు ఒక్కటే అడిగాడు.

"మరి కర్నూలు?"

"ఓడినావు కదప్పా. కర్నూలు ఎందుకింక?" ఆయన గొంతులో కోపం లేదు, ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. నడుముకున్న తాళాల గుత్తి తీసి అన్న చేతిలో పెట్టాడు. "రేపట్నుంచి పొద్దున అంగడి నువ్వు తెరువు. బోణీ నీ చేతనే చేయిస్తా. వ్యాపారం వచ్చు నీకు."

"సరే నాయనా" అన్నాడు అన్న.

అంతే జరిగింది. వాడు ఏడిస్తే నవ్వించడానికి నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉండింది. వాడు ఏడవలేదు, తాళాలు చొక్కా జేబులో వేసుకుని, కాచిన నీళ్లు చల్లారిపోతాయని స్నానానికి వెళ్లాడు. జోకు నాకే మిగిలిపోయింది, ఇప్పుడు అదేమిటో కూడా గుర్తులేదు. కార్డులు కొన్నాళ్లు అటక మీద ఉండేవి, తర్వాత ఎలుకలు వాటి సంగతి చూసుకున్నాయి.

కర్నూలు వెళ్లిన బావ మొదటి ఆటలోనే ఓడి, సాయంత్రం బస్సుకే తిరిగొచ్చాడు. అక్కడ ఎవరో కుర్రాడు గోడలనూ బోర్లనూ లెక్కచేయకుండా గబగబా కొట్టేసి పోయాడట. అంతకుముందు బావ అక్కడ కూడా బోణీ అని ఒక మంచి కార్డు అడిగి చూశాడట. "ఏమప్పా, ఇది మీ ఊరి కిరాణా అంగడా?" అని అందరూ నవ్వారట. ఇదంతా బావ మా మెట్ల మీదే కూర్చుని చెప్పాడు. లోపల గల్లాపెట్టె దగ్గర అన్న విన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. ఎవరికో కందిపప్పు తూస్తున్నాడు, ముల్లు నిలిచేదాకా తల ఎత్తలేదు.

అన్న ఇంటర్ రాజంపేటలోనే చదివాడు, పొద్దున అంగడి తెరిచి పోయేవాడు, సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. తర్వాత చదువు దానంతటది ఆగింది. పెదనాయన పోయారు, అంగడికి కొత్త బోర్డు వచ్చింది, పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. నేను కడపలో ఉద్యోగం చూసుకున్నాను, పండగలకు పోతుంటాను. ఇన్నేళ్లలో వాడు ఆ ఆట మాట ఎత్తలేదు. ఒకసారి నేనే, ఆరోజు తాబేలు ఇవ్వకుండా ఉండాల్సిందని ఎప్పుడైనా అనిపించిందా అన్నా అని అడిగాను. వాడు నిజంగానే ఆలోచించాడు. "ఏమో రా, ఏమీ అనిపీలేదు" అన్నాడు. దాచుకుంటున్నాడేమోనని మొహంలోకి చూశాను. అక్కడ దాచిందేమీ లేదు. ఆ వేసవి నుంచి ఇప్పటిదాకా గడిచిన కాలం వాణ్ణి బాధపెట్టనూ లేదు, ఓదార్చనూ లేదు; పొద్దున్నే అంగడి తలుపు తీసినంత మామూలుగా రోజూ వచ్చి, రోజూ వెళ్లిపోయింది.