పై పోస్టు లైను తీసేసిన చలికాలం

అక్టోబరు చివర కొండలమీది ఆ సైనిక పోస్టుకు చేరాను. ట్రక్కు దిగగానే ముక్కులోంచి రక్తం కారింది. చుట్టూ బోడి రాళ్ళు, పైన మంచు. రేడియోలు, కంప్యూటర్లు చూసే సిగ్నల్స్‌లో అందరికంటే చిన్న ఆఫీసర్ని. ఎవరైనా పలకరిస్తే జవాబు నోట్లోనే ఉండిపోయేది. తర్వాత డైరీలో రాసుకునేదాన్ని.

మాకు పైన ఒక రోజు నడక దూరంలో ఇంకో పోస్టు ఉంది. అక్కడి రేడియో ఆపరేటర్ గొంతు మాత్రమే నాకు తెలుసు.

"మీదేవూరు మేడమ్?"

"నరసరావుపేట."

"ఇంకేంది! మాది కారంపూడి. మా నాయన ట్రాక్టర్ మెకానిక్."

ఒక కంప్యూటర్‌లో దూరి, తనంతట తానే పక్కవాటికి పాకే ప్రోగ్రామును మేము పురుగు అనేవాళ్ళం. అది వస్తే మా చిన్న నెట్‌వర్క్ తట్టుకుంటుందో లేదో చూడమన్నాడు కెప్టెన్. అసలు నెట్‌వర్క్‌ను ముట్టుకోలేదు. పోస్టుకు ఒకటి చొప్పున ఐదు పాత కంప్యూటర్లతో బల్లమీద దానికి నకలు కట్టాను. బయటికి ఒక్క తీగ లేదు. వదిలింది కూడా నిజం పురుగు కాదు. పాకి, తన పేరు రాసి, గంటలో ఆగిపోయే ప్రోగ్రాము. అయ్యాక డిస్కులన్నీ తుడిచేశాను.

నాలుగు నిలబడ్డాయి. పై పోస్టు కంప్యూటర్‌కు నకలు నిమిషంలో పడిపోయింది. కొత్తది వచ్చేదాకా ఆ పోస్టును నెట్‌వర్క్‌కు కలిపే లైను తీసేయమని ఆదేశం. తీసేశాను. పైవాళ్ళకు రేడియో ఒక్కటే మిగిలింది.

"మా డబ్బాకి రోగమా మేడమ్?"

"రోగం లేదు. వస్తే తట్టుకోదు."

"అయితే మాలాంటిదే," అని నవ్వాడు.

మంచు పడి దారి మూసుకుపోయింది. కొత్త కంప్యూటర్ కిందే ఆగిపోయింది. ఒక ఉదయం రేడియోలో పై పోస్టు వంటవాడు మాట్లాడాడు. "ఆపరేటర్‌కి ఆయాసం. పెదాలు నల్లబడ్డాయి."

లైను ఉంటే, వేలికి పెట్టే క్లిప్ నుంచి రోగి నాడి, ఆక్సిజన్ మా డాక్టర్‌కు తెరమీద కనిపించేవి. ఇప్పుడు రేడియోలో గాలి హోరు తప్ప ఏమీ లేదు.

"ఆక్సిజన్ ఎంత? మళ్ళీ చెప్పు. మళ్ళీ!" అని డాక్టర్ రేడియోలో అరుస్తున్నాడు.

కెప్టెన్ దగ్గరికి వెళ్ళి మొదటిసారి గొంతు పెంచాను. "లైను కలుపుదాం సార్."

"దాంట్లోకి పురుగు దూరితే మిగతా పోస్టులకూ ముప్పు. పై అధికారులనడగాలి."

నాలుగింటికి అనుమతి వచ్చింది. తీగ పెట్టాను. తెర తెరుచుకుంటుండగా రేడియో కూడా తేటపడింది. "ఇక అక్కర్లేదు మేడమ్," అన్నాడు వంటవాడు.

ఉద్యోగకాలం అయిపోయాక నడికుడిలో రైలు దిగి, ఇంటికి పోకుండా కారంపూడి బస్సెక్కాను. ఆపరేటర్ తండ్రి చేతుల గ్రీజు తుడుచుకుని కుర్చీ వేశాడు. అంతా చెప్పాను.

"పరీక్ష మంచిదేనమ్మా. మేం గూడా బ్రేకులు చూడందే బండి వదలం." తర్వాత అడిగాడు. "ఇంతకీ ఆ పురుగు వచ్చిందా?"

"రాలేదు బాబాయ్."

పానా తీసుకుని సగంలో వదిలిన ట్రాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు నరసరావుపేటలోనే ఉంటున్నాను. కళ్ళు మూస్తే ఆనాటి తెర కనిపిస్తుంది. లైను చక్కగా పనిచేస్తోంది. అతని వేలికున్న క్లిప్ అప్పటికే తీసేశారు. ఆక్సిజన్ అంకె రావలసిన చోట రెండు గీతలు, వెలుగుతూ ఆరుతూ.