మా మామ తూటాలు ఏ పార్టీవీ కావు

మా మామ పోయిన గురువారం తెల్లవారుతుండగా గుండె ఆగి చనిపోయాడు. ఆయన శవం మీద పార్టీ జెండా కప్పినవాడు మా ఊరి ప్రెసిడెంటు. కప్పి ఊరుకోలేదు. గుంత పూడ్చాక సమాధి మీద ఆ జెండానే నాటించి, మైకు పట్టుకుని, మన పార్టీకి తూటాలు కట్టిచ్చిన మగవాడు పోయాడని చెప్పాడు. ముందున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మా అత్త ఏడుపు ఆపి తలెత్తి చూసింది.

అది అబద్ధం. చచ్చినవాడు లేచొచ్చి కాదని చెప్పలేడన్న ధైర్యంతో ఆడిన అబద్ధం. ఆ మాట నిలిచిపోతే, ఎదుటి పార్టీలో తండ్రులను పోగొట్టుకున్న పిల్లలు ఆ తూటాలు కట్టింది మా మామేనని నమ్ముతూ పెరుగుతారు. అందుకే ఈ కరపత్రం. ప్రొద్దుటూరులో అచ్చు వేయించి జమ్మలమడుగు, పులివెందుల బస్టాండ్లలో కూడా పంచుతున్నాను. చదివి పారేయకండి, పక్కవాళ్లకివ్వండి.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మైలవరం డ్యాం నీళ్లు పారే చేలో శెనక్కాయ వేసేవాడు. అడవిపందుల బెడదకు ఆయన దగ్గర లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకి ఉండేది. పందులను చంపింది తక్కువ, గాలిలోకి కాల్చి తరిమింది ఎక్కువ. ఆయన అసలు సంబరం గురి కొట్టడం. కాయ పీకి చేను ఖాళీ అయితే చాలు, ఆదివారం పొద్దున్నే సిమెంటు సంచి కాగితం మీద బొగ్గుతో గుండ్రం గీసి, బావి తవ్వినప్పటి ఎర్రమట్టి దిబ్బకు ఆనించి నిలబెట్టేవాడు. కాల్చేముందు దిబ్బ ఎక్కి అవతల చూసేవాడు. ఎవరి గొర్రెలైనా అటు మేస్తుంటే, ఆ కాపరి మందను తోలుకుని దాటిపోయేదాకా బీడీ కూడా వెలిగించకుండా గట్టు మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్లు విసుక్కుంటే, గురికి ముందు ఏముందో గుడ్డోడు గూడా చెప్తాడు, వెనక ఏముందో చూసేవాడే తుపాకి పట్టాల అనేవాడు.

తూటాలు ఆయనే కట్టుకునేవాడు. కాల్చిన ఇత్తడి గుల్లలను తుడిచి మళ్లీ నింపడం. లైసెన్సులో రాసినంత తుపాకిమందే కొని తెచ్చేవాడు. కొట్టంలో తలుపు వేసుకుని, రేడియో ఆపి, పక్కన పొయ్యి వెలిగించొద్దని అత్తకు చెప్పి కూర్చునేవాడు. బల్ల మీద ఒక్క మందు డబ్బా తప్ప రెండోది ఉండకూడదు. గొర్రెలు కాసే ఇండ్లలో అడిగి తెచ్చిన పాత కంబళ్లు కత్తిరించి, మందుకూ సీసపు గుండ్లకూ నడుమ బిళ్లలుగా పెట్టేవాడు. మూసేముందు గుల్లలన్నీ చెక్క మీద వరసగా నిలబెట్టి, టార్చిలైటుతో ఒక్కొక్కదాంట్లోకి తొంగిచూసేవాడు. ఏ ఒక్కదాంట్లో మట్టం తేడాగా కనిపించినా అన్నీ ఒంపేసి మొదటికి వచ్చేవాడు. నడుమ ఎవరైనా పిలిచినా అంతే.

నేను అప్పుడప్పుడే కరపత్రాలు చదివి ఊగిపోతున్న రోజులు. కొట్టం కిటికీ దగ్గర నిలబడి లోకం మారాల్సిన తీరు గురించి ఆయనకు వివరించబోయేవాణ్ని.

"నీ ఇప్లవం కిటికీ అవతలే పెట్టు అల్లుడా. మందు పోస్తాండా" అనేవాడు, తల ఎత్తకుండానే.

ఆదివారాలకు రెండు పార్టీలవాళ్లూ వచ్చేవాళ్లు. రాజుపాలెం నుంచి కూడా లైసెన్సున్నవాళ్లు తుపాకులు తెచ్చుకునేవాళ్లు. పెళ్లిళ్లలో కూడా ఒక బంతిలో కూర్చోని మనుషులు అక్కడ ఒకే గట్టు మీద కూర్చునేవాళ్లు. మా వైపు జనానికి ఒక రోగం ఉంది. చప్పుడు ఎంత పెద్దదైతే అంత మంచి దెబ్బ అనుకుంటారు. తుపాకి పేలగానే చప్పట్లు. మామ దాన్ని మాన్పించాడు. ఆయన చేలో ఎవరు కాల్చినా చప్పట్లు లేవు. అందరూ తుపాకులు ఖాళీ చేయాలి, గొట్టం కిందికి మడిచి మోచేతి మీద వేసుకోవాలి, దిబ్బ దాకా కలిసి నడవాలి, కాగితం చూడాలి. అప్పుడు మెచ్చుకోవచ్చు. ఒక పార్టీవాడు కొట్టిన బొక్కలో రెండో పార్టీవాడు వేలు పెట్టి చూసి, బాగా కొట్టినావప్పా అనడం నేను అక్కడే విన్నాను.

ఒకసారి ఒక పెద్దరైతు, చప్పుడు అదరాలని మందు దండిగా దట్టించిన తూటా తెచ్చాడు. ఎంత పోశావని మామ అడిగాడు. చూసీ చూడక పోసినానన్నాడు. మామ ఆ తూటా తీసి పక్కన పెట్టి, ఎంత పోసిందీ చెప్పలేనోని తూటా ఈ చేలో పేలదన్నాడు. ఆ రైతుకు ముఖం మాడింది. చెంబుతో మజ్జిగ ఇస్తూ మా అత్త, "కోపం పడొద్దులే అన్నా, నీ చెయ్యి నీకే ఉండాలని అంటాండాడు" అంది. ఆయనకు కూడా నవ్వొచ్చింది.

ఇక అసలు సంగతి. ఎలక్షన్లు దగ్గర పడ్డ రోజుల్లో ప్రెసిడెంటు జీపులో వచ్చాడు. మామ కొట్టంలో ఉన్నాడు, నేను కిటికీ దగ్గర ఉన్నాను. పిలుపు విని మామ పోసిన మందంతా డబ్బాలోకి ఒంపి, మూత బిగించి, చేతులు కడుక్కుని బయటికి వచ్చాడు.

"ఒక సంచి తూటాలు గావాల మామా. పెద్ద గుండ్లు పెట్టి కట్టు."

"దేనికప్పా?"

"పందులకే."

"ఏ ఊరి పందులు?"

జీపులో ఉన్నవాడు కిసుక్కుమన్నాడు. మామ నవ్వలేదు.

"నేను కట్టే తూటా ఎర్రమట్టిలోకి పోతాది. నువ్వడిగేది ఇండ్లల్లోకి పోతాది. నా చేత గాదు, పోయిరా నాయనా" అన్నాడు.

ఆ వారంలోనే ఆయన తుపాకి మీద అర్జీ పడింది. తుపాకి స్టేషనుకు పోయింది. ఆ ఏడు కాయంతా పందుల పాలైంది. అర్జీ ఎవరు పెట్టించారో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఎదుటి పార్టీవాళ్లు వచ్చి గుచ్చి గుచ్చి అడిగినా ఆయన నోరు విప్పలేదు. నేను రగిలిపోయి, ఎందుకు చెప్పవని నిలదీశాను.

"చెప్తే నా పేరు చెప్పుకొని ఎవర్నో ఒకర్ని నరుకుతారు. నా శెనక్కాయలు అంత ఖరీదు జేస్తాయా?"

తుపాకి తిరిగొచ్చింది. ఆదివారాలూ తిరిగొచ్చాయి. ప్రెసిడెంటు మనుషులు కూడా వచ్చి గురి కొట్టి, మజ్జిగ తాగిపోయారు. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ మౌనం వల్ల మా ఊళ్లో ఒక శవం లేవకుండా ఆగింది. ఇవాళ ప్రెసిడెంటు అబద్ధం నిలబడుతున్నదీ ఆ మౌనం మీదే. అందుకే ఆయన దాచింది నేను చెప్పేశాను. నాకు కోపం ఎక్కువని ఊరందరికీ తెలుసు. అయినా చెబుతున్నాను, దీన్ని చదివి ఎవరూ ఎవరి మీదికీ పోవద్దు. పోతే ప్రెసిడెంటు కన్నా ఎక్కువ అన్యాయం మామకు మీరు చేసినట్టు.

చేయాల్సింది ఒకటే. వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు మామ చేను దగ్గరికి రండి. రెండు పార్టీలవాళ్లూ రండి. సమాధి ఆ చేని మూలనే ఉంది. అందరి ముందూ మా అత్త ఆ జెండా పీకి, మడిచి, ప్రెసిడెంటు చేతికే ఇస్తానంటోంది. ఆయన్ను కూడా రమ్మంటున్నాం.

తుపాకి లేదు, స్టేషనులో అప్పజెప్పేశాం. మీరు కూడా తేవద్దు. జీపులు, బండ్లు రోడ్డు మీదే ఆపి, గట్టు వెంబడి మెల్లగా నడిచి రండి. ఈ నాలుగు రోజులుగా పొద్దున్నే ఆ ఎర్రదిబ్బ మీదికి కౌజుపిట్టలు పిల్లలతో సహా వచ్చి మట్టి గీరుకుంటున్నాయట. వాటిని లేపొద్దని అత్త చెప్పమంది.