రత్నకుమారి సిస్టర్ అడిగిన మాట

మొన్న మధ్యాహ్నం వార్డులో ఒకాయన తడి తువ్వాలు కళ్ల మీద కప్పుకుని, కిటికీకి వీపు తిప్పి పడుకున్నారు. ఆ తడిగుడ్డ వాసన తగలగానే రత్నకుమారి సిస్టర్ గుర్తొచ్చారు. బందరులో నేను నర్సుగా చేరిన కొత్తలో మా వార్డుకు ఆవిడే పెద్ద. సన్నటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆ ఏడాది గూడూరు దగ్గరి పల్లె నుంచి వెంకటేశ్వర్రావు గారనే రైతు వచ్చి చేరారు. అంతకుముందే కిడ్నీ మార్పిడి జరిగింది. కొత్త కిడ్నీ నిలవడానికి వాడే మందులు ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గించేస్తాయి. కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని, మూడు వారాలుగా తలనొప్పి అన్నారాయన. జ్వరం పెద్దగా లేదు. నేను ‘తలనొప్పి, మాత్ర ఇచ్చాం’ అని రాసి పక్క మంచానికి వెళ్లిపోయాను. సాయంత్రం సిస్టర్ అది చదివి, నేరుగా వెళ్లి ఆయన పక్కన కూర్చున్నారు.

“వెలుతురు చూడలేకపోతున్నారా అండీ? మనుషులు ఇద్దరిద్దరుగా కనబడుతున్నారా?”

ఆయన తలూపారు. సిస్టర్ డాక్టరు గారి గదికి దాదాపు పరుగెత్తారు.

వెన్నులోంచి తీసిన నీటిలో ఫంగస్ కనబడింది. మెదడు పొరలకు పట్టేసింది. మందు మొదలుపెట్టారు. నీరు తీయడంతో తలలో ఒత్తిడి తగ్గి, ఆయన ఆ రోజు రెండు ఇడ్లీలు తిన్నారు. మర్నాటికి నొప్పి తిరగబెట్టింది, మాట తడబడింది. మళ్లీ నీరు తీయాలన్నారు డాక్టరు గారు. పెద్దకొడుకు అడ్డం తిరిగాడు.

“నిన్న పొడిచాకే ఇలా అయిందండీ. వెన్నులో పొడిస్తే కాళ్లు పడిపోతాయంట. నేను సంతకం పెట్టను. ఇంటికి తీసుకెళ్లిపోతాం.”

బయట ఆటో కూడా వచ్చి ఆగింది. సిస్టర్ అతనితో వాదించలేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని పెద్దాయన చెవి దగ్గర అడిగారు.

“బాబాయి గారూ, నిన్న నీరు తీశాక ఎలా ఉంది?”

ఆయన పెదవులనే చూస్తూ నిలబడ్డాం.

“నిన్న... మావాడి మొహం ఒక్కటిగా కనబడిందమ్మా. తియ్యమను.”

కొడుకు గోడకు ఆనుకుని ఏడ్చాడు. సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఇంకా నాలుగుసార్లు నీరు తీశారు. వారాల తరబడి మందు ఎక్కించారు. ఆయన బతికారు కానీ ఎడమ చెవి వినికిడి పోయింది. నేను పోగొట్టిన ఆ కొన్ని గంటలు దక్కి ఉంటే అది మిగిలేదో లేదో ఎవరూ చెప్పలేరు.

“నేను అడగనే లేదు సిస్టర్,” అన్నాను ఒకరోజు.

“రేపటి నుంచి అడుగు,” అన్నారావిడ. ఓదార్చలేదు, తిట్టలేదు.

ఇప్పుడు నేను ముందు కూర్చుంటాను, తర్వాత రాస్తాను. అయినా, ఎదుటివారు చెప్పింది పూర్తిగా విన్నానా అన్న భయం డ్యూటీ దిగాక ఇంటిదాకా వెంట వస్తుంది. అది పోవాలని నేను కోరుకోను.