నేను కొట్టేసిన లైను

మా చర్చి యూత్‌కు పదకొండేళ్లుగా నేనే లీడర్‌ని. వారమంతా ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి వెనక రేకుల షెడ్డులో ముప్పై మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుంటాను. పాటలు, బైబిల్ క్విజ్, ప్రార్థన, చివరికి టీ, రెండేసి బిస్కెట్లు. ఇంట్లో చెప్పుకోలేని మాటలు కూడా ఆ పిల్లలు నాకు చెప్పుకునేవాళ్లు. మెదక్‌లో మా యూత్‌కు మంచి పేరుందని అందరికంటే ఎక్కువగా చెప్పుకు తిరిగింది నేనే. అట్లాంటి నా మాట విని ఒక పిల్ల ఒళ్లు కాల్చుకుంది. మూడుసార్లు కూర్చుని లేచిపోయి, ఇప్పుడు నాలుగోసారి ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం చదివేది. వాళ్లది టేక్మాల్ దగ్గర పల్లె. తండ్రి లేడు. బిడ్డ చదువు కోసం తల్లి మెదక్ వచ్చి, బస్టాండు వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని జాకెట్లు కుట్టేది. బిడ్డను యూత్‌లో చేర్చిన రోజు నన్ను పక్కకు పిలిచింది.

"మేడం, బిడ్డకు ఫిట్స్ ఉన్నయి. గోలీలు ఏసుకుంటె మంచిగనే ఉంటది. ఏడన్న పడిపోతె మీరు పరేషాన్ కావద్దని చెప్తున్న. ఇంకెవ్వలకు చెప్పకుండ్రి. రేపు దాని పెండ్లి చెయ్యాలె."

"నా కడుపులనే ఉంటదమ్మా," అన్నాను. నిజంగానే ఏడాది పైన నా కడుపులోనే ఉంచుకున్నాను.

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమల కాలంలో మా యూత్‌కు ఒకరోజు రిట్రీట్, అంటే ఊరి బయట ప్రార్థన కూటం, ఉంటుంది. కౌడిపల్లి దగ్గర మా సంఘ పెద్ద ఒకాయన మామిడి తోటలో పెట్టుకుంటాం. పాస్టరుగారు, పెద్దలు, పిల్లల తల్లులు అందరూ వస్తారు. అక్కడ యూత్‌లో ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి. అంటే దేవుడు తన బతుకులో ఏం చేశాడో అందరి ముందూ చెప్పాలి. అసలు జనం వచ్చేదే దానికోసం. ఆ తర్వాత పెట్టే బిర్యానీ కోసం కూడా అనుకోండి. మూడేళ్లుగా మా దగ్గర గట్టి సాక్ష్యం దొరకలేదు. ఒక పిల్లవాడు బస్సులో పోయిన ఫోన్ దొరికిందని వరుసగా మూడేళ్లూ అదే చెప్పాడు. మూడో ఏడు ఆ ఫోన్ వాళ్ల బావది అని తేలింది. అందరం నవ్వుకున్నాం గానీ, పాస్టరుగారు మాత్రం వెళ్లేటప్పుడు నాతో అన్నారు.

"వచ్చేసారన్న జర మంచి సాక్ష్యం పెట్టుండ్రి టీచరమ్మా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. వచ్చే ఏడు ఎవరిని లేపాలా అని వెతికాను. నా కళ్లు ఈ పిల్ల మీద పడ్డాయి.

"ఫిట్స్ వచ్చి ఎన్ని రోజులైంది?" అని అడిగాను.

"ఏడాదిన్నర అక్కా."

"మరి గది దేవుడు చేసిన మేలు కాదా? నలుగురికి చెప్పవా?"

ఆ పిల్ల తల వంచుకుంది. అమ్మ వద్దంటుందని చెప్పింది. మనుషులకు భయపడి దేవుని మేలు దాచుకోవద్దని నేను అన్నాను. అట్లాంటి మాటలు నాకు తడుముకోకుండా వస్తాయి.

మరుసటి ఆదివారం ఒక తెల్లకాగితం మీద రాసుకొచ్చింది. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. నేను ఎర్రపెన్ను తీశాను. అది నా అలవాటు, ఎవరు ఏం రాసి తెచ్చినా దిద్దకుండా ఇవ్వలేను. రెండుచోట్ల ఒత్తులు సరిచేశాను. కింద ఒక లైను ఉంది: "డాక్టరు ఇచ్చిన గోలీలు రోజూ రెండు పూటలా వేసుకుంటున్నాను." దాన్ని అడ్డంగా కొట్టేశాను.

"గది నిజమే కదక్కా?"

"నిజమే. కానీ గోలీలతోటి తక్కువైందంటె ఇగ దేవుడు చేసిందేమున్నది? వినేటోళ్లకు గట్లనే అనిపిస్తది. గా లైను వద్దు."

ఆ పిల్ల కాగితం మడతపెట్టుకుని వెళ్లిపోయింది.

మామిడి తోటలో చాలా బాగా చెప్పింది. గొంతు వణికింది, ఆ వణుకు కూడా అందరికీ నచ్చింది. "దేవుడు నన్ను పూర్తిగా బాగు చేసిండు," అనగానే స్తోత్రం, స్తోత్రం అంటూ చప్పట్లు కొట్టారు. ఒక ముసలమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి, నమ్మకమంటే గిట్ల ఉండాలె బిడ్డా అంది. భోజనాల దగ్గర ఒకామె నెలల పసివాణ్ణి తెచ్చి, జ్వరం తగ్గాలని నువ్వే ప్రార్థన చెయ్యమని ఆమె ఒళ్లో పెట్టింది. పాస్టరుగారు నా వైపు చూసి తల ఊపారు. ఆ రోజు బిర్యానీ నాకు చాలా రుచిగా అనిపించింది.

తల్లి రిట్రీట్‌కు రాలేదు. పెళ్లిళ్ల కాలం, కుట్టాల్సిన జాకెట్లు చాలా ఉన్నాయి. సందులో వాళ్లు చెబితే తెలుసుకుని మా స్కూలు గేటు దగ్గరికి వచ్చింది.

"ఎవ్వలకు చెప్పద్దంటి గద మేడం."

"నేను చెప్పలేదమ్మా. మీ బిడ్డనే చెప్పింది," అన్నాను. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

రెండు వారాల తర్వాత షెడ్డులో ఈస్టర్ నాటకానికి బట్టలు సర్దుతున్నాను. ఆ పిల్ల నా వెనక నిలబడి మెల్లగా అడిగింది.

"అక్కా, బాగైందని గంత మంది ముందట చెప్పినంక కూడ గోలీ ఏసుకుంటె, నేను అబద్ధం చెప్పినట్టేనా?"

నా చేతిలో రోమా సైనికుడి ఎర్ర దుప్పటి ఉంది, దానికి పిన్నీసు దొరకడం లేదు. "ప్రార్థన చెయ్, దేవుడే చెప్తడు," అన్నాను. తల కూడా తిప్పలేదు. ఒక్క నిమిషం తిప్పి ఉంటే, ఏసుకో బిడ్డా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ పిన్నీసు మాత్రం దొరికింది.

పరీక్షలకు నాలుగు రోజుల ముందు, పొద్దున తల్లి కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి బయటికి పోయింది. ఆ పిల్ల అన్నం వండి గంజి వంచుతుండగా ఫిట్స్ వచ్చాయి. గిన్నెతో సహా పడిపోయింది. కుడిచెయ్యి భుజం దాకా, మెడ ఒక పక్క కాలిపోయాయి. ఆ ఏడాది పరీక్ష రాయలేదు.

నేను దవాఖానకు పోయేసరికి తల్లి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో పిల్ల పెన్నుల పర్సు. దాని నిండా గోలీలు. తల్లి చూస్తుండగా ఆ పిల్ల రోజూ రెండు పూటలా గోలీల పట్టీలోంచి తీసి, నోట్లో వేసుకున్నట్టు చేసి అందులో దాచింది. గోలీలతో పాటు మడత పెట్టిన ఆ కాగితం కూడా ఉంది. తల్లి దాన్ని కూడబలుక్కుని చదివింది. ఎర్రగీత దగ్గర ఆగింది.

"గోలీల ముచ్చట మంచిగ రాసినవ్ గదనే. మల్ల ఎందుకు కొట్టేసినవ్?"

ఆ పిల్ల నా వైపు చూడలేదు. "నేనే కొట్టేసిన అమ్మా. గట్లనే మంచిగుంటదనుకున్న," అంది.

తల్లి బిడ్డను తిట్టింది, ఏడ్చింది, మళ్లీ తిట్టింది. నేను అక్కడే నిలబడి అన్నీ విన్నాను. కొట్టేసింది నేనని చెప్పలేదు. నాకు భయమైంది. పదకొండేళ్ల పేరు పోతుందని భయమైంది. ఆ పిల్ల కట్లు చూస్తూ కూడా నేను నా పేరు గురించే ఆలోచించాను.

తల్లి కళ్లు తుడుచుకుని టీ తేవడానికి బయటికి పోయింది. అప్పుడు అడిగాను, ఎందుకు అట్లా చెప్పావని.

"మీరు యూత్ లీడర్ గదక్కా. మీ సాక్ష్యం చెడిపోతది," అంది.

సాక్ష్యం, అంటే నలుగురిలో మంచి పేరు, చెడకుండా చూసుకోవాలని పదకొండేళ్లుగా వాళ్లకు నేర్పింది నేనే. బయట మనల్ని చూసి నలుగురూ వేలెత్తి చూపొద్దని ప్రతి ఆదివారం చెప్పేదాన్ని. తన మాట అబద్ధం కాకూడదని గోలీలు మానేసిన పిల్ల, నా కోసం కన్నతల్లికి అబద్ధం చెప్పింది.

తల్లి మూడు టీలు పట్టుకుని వచ్చింది. ఆమె చేతిలోంచి గ్లాసు అందుకోలేకపోయాను. "గా లైను కొట్టేసింది నేనమ్మా. నేనే వద్దన్న. బిడ్డ తప్పేం లేదు," అన్నాను.

ఆమె గ్లాసులు కిటికీలో పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె కాగితాన్ని మళ్లీ మడతపెట్టి పర్సులో పెట్టుకుంది.

"జర జరుగుండ్రి మేడం. బిడ్డ గోలీ ఏసుకునే యాళ్లయింది."

నేను గోడ వైపు జరిగాను. ఆమె బిడ్డ తల కింద చెయ్యి పెట్టి లేపి, గోలీ పెదాల దగ్గరికి తెచ్చింది. ఆ పిల్ల నోరు తెరవలేదు. నా వైపు చూసింది.

"ఏసుకో బిడ్డా," అన్నాను.