పడమటి గాలి గెలిపించిన కేసు

నా నల్లకోటు ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. మార్కాపురం మేజిస్ట్రేటు కోర్టులో నాకు వాదించే పని కన్నా ఈగలు తోలుకునే పనే ఎక్కువ. అప్పుడు ఒక గొర్రెల కాపరి భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నా, మా ఆయన్ని సబ్‌జైల్లో పెట్టినారు. ఎండలు ముదరకముందే మంద నల్లమలకు ఎక్కాల. ఆయన రాకపోతే ఈ జీవాలన్నీ నీళ్లు లేక చస్తాయి. నా ఒక్కదాని వల్ల ఏమైతుంది?" అంది.

సంగతి ఇది. పొదిలి దోవలో ఒక రైతు చేలో ఎరువు కోసం ఆమె భర్త మంద పెట్టాడు. పక్కనే రైతు జొన్న కళ్లం. కాపరి మూడు రాళ్ల పొయ్యి మీద సంగటి కెలుక్కున్న మధ్యాహ్నమే రైతు చొప్పవామి తగలబడింది. పొయ్యిలోని నిప్పురవ్వ ఎగిరి పడిందని కేసు. ఊరుకాని ఊళ్లో కాపరికి జామీను ఎవరుంటారు?

నేను సేద్యగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. లా పుస్తకం కన్నా ముందు చేట పట్టాను. ఆ సంగతి ఎదుటి వకీలుకు తెలియదు. రైతు బోనెక్కి, ఉన్నది చాలదన్నట్టు పగ కూడా కలిపాడు.

"మేం తూర్పారబడతాంటే పొట్టు వాని సంగటిలో పడిందని నన్ను నానా తిట్లు తిట్టినాడు దొరా. ఆ కసితోనే పొయ్యి ఆర్పకుండా పోయినాడు."

నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచాను.

"పొట్టు పొయ్యి దిక్కుకే పోతాండెనా మామా?"

"ఆ దిక్కుకే. పడమటి గాలి. పొయ్యి మాకు తూర్పున ఉండె."

"మరి వామి?"

"కళ్లానికి పడమట."

"పొగ లేసినప్పుడు మీరేం చేస్తాండిరి?"

"ఏంది చేసేది? చేట ఇంకా చేతిలోనే ఉండె."

"మధ్యలో గాలి తిరిగిందేమోలే. నీకు తెలిసి ఉండదు."

అవునని ఉంటే బయటపడేవాడు. కానీ తూర్పారబట్టే రైతును పట్టుకుని నీకు గాలి తెలియదంటే ఊరుకుంటాడా?

"గాలి తిరిగితే పొట్టంతా రాశిలో పడదా? నా రాశిలో పొట్టు పడనిస్తానా? నాకే గాలి సంగతి చెప్తావా!"

ఎదుటి వకీలు తల పట్టుకున్నాడు. మేజిస్ట్రేటుది మద్రాసు. కళ్లం ఎరగడు. అందుకే ఎదురు దుకాణంలో చేట, పొట్టుతో ఉన్న జొన్నలు అడిగి తెచ్చి, కోర్టు మెట్ల మీద నిలబడి ఆయన కళ్ల ముందే తూర్పారబట్టాను. గింజలు కాళ్ల దగ్గర పడ్డాయి. పొట్టు పోయి పోయి ఎదుటి వకీలు తలపాగా మీద వాలింది. అది నేను కావాలని చేసిన పని కాదంటే నమ్మకండి.

"పొట్టు పోయిన దిక్కుకే రవ్వ కూడా పోతుంది. ఈ రవ్వ వామి మీద పడాలంటే గాలికి ఎదురీదాలి" అన్నాను. మేజిస్ట్రేటు నవ్వాడు. కేసు అప్పుడే కొట్టేశాడు. ఆ మధ్యాహ్నం వామికి పడమటి పక్క ఎవరైనా చుట్టలు కాల్చుకున్నారేమోనని నేను అడగలేదు, నాకు అవసరం పడలేదు.

బయట కాపరి భార్య మందను రోడ్డు పక్కకు తోలుకొచ్చి నిలబడింది. కాపరి నాకు దండం పెట్టనైనా లేదు. నేరుగా మందలోకి పోయి ఒక్కొక్క గొర్రె వీపు తడిమాడు. అతను జైల్లో ఉండగా ఈనిన పిల్లను ఆమె చేతికిస్తే గుండెకు హత్తుకుని భోరున ఏడ్చాడు. నాకూ కళ్లు చెమర్చాయి. తర్వాత దాన్ని తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"పట్టుకో సామీ. ఇప్పుడు ఇది బతుకుతాది."

అది నా కొత్త కోటంతా తడిపేసింది. ఆ కోటుతోనే, బజారు మధ్యలో నుంచి, ఛాతీ విరుచుకుని ఇంటికి నడిచాను.