రైల్వేలో ఉజ్జోగం

మా ఇంట్లో రైల్వే అంటే పర్మినెంటు. తాత వర్క్‌షాపులో చేశాడు, నాన్నా చేశాడు. నాకు దొరికింది మాత్రం కాంట్రాక్టరు దగ్గర. బోగీలు శుభ్రం చేసే పనిని రైల్వే బయటివాళ్లకు అప్పజెప్పేసింది. మురికి మాత్రం మునుపటిదే. అమ్మతో "రైల్వేలో దొరికిందే" అన్నాను. ఆవిడ ఆ మాటని మేముండే న్యూ సెటిల్‌మెంట్ కాలనీ గుడి దగ్గర ప్రసాదంలా పంచేసింది. నేను దిద్దలేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే బాపతు కదా మేం! రోజూ ఇస్త్రీ చొక్కాతో ఇంట్లోంచి బయల్దేరి, స్టేషన్లో కంపెనీ కోటు, టోపీ, మాస్కు తగిలించుకునేవాణ్ని.

మొన్న అమ్మ గుడి ఆడవాళ్లతో కలిసి పూరీ బయల్దేరింది. మా స్టేషన్లో ఆ రైలు ఆగిన కాసేపట్లో ఊడ్చేది మా ముఠాయే. వేరే బోగీ ఇమ్మని బతిమాలాను. మా బెంగాలీ సూపర్‌వైజరు దాదా వింటే కదా! ఎవడో రాలేదని నన్ను సరిగ్గా వాళ్ల బోగీలోకే తోశాడు.

తల దించుకుని ఊడుస్తున్నాను. మా ఎదురింటి అత్త పల్లీ తొక్కలు చూపిస్తూ, "ఈ కాంట్రాక్టోల్లు ఏటూడుస్తారమ్మా, పైపైన గీరీసి పోతారు" అంది. ఆ మాటకి నవ్వబోయిన అమ్మ ఆగిపోయింది. వంగి నా కళ్లలోకి చూసింది.

"ఒరే నాన్నా... నువ్వేటిరా ఇక్కడ?"

గొంతులో కోపం లేదు. నా చెయ్యి పట్టుకోబోయింది కూడా. అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. ఛీ, నా బతుకు! "క్యా హువా మాజీ? కిస్కో బులా రహే హో?" అన్నాను హిందీలో, ముక్కూ మొహం తెలియనివాడిలా. దొంగతనం చేస్తూ దొరికానా ఏమన్నా? ఊడుస్తున్నాను, అంతే కదా!

అత్త పకపకా నవ్వింది. "అదేటొదినా! ఇల్లు దాటి గంటైనా అవనేదు, ఊడ్సినోడల్లా నీ కొడుకే అయిపోనాడేటి?"

అమ్మ నన్నే చూస్తోంది. నేను మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాను. "నేనేనే అమ్మా" అనలేకపోయాను.

"అవునొదినా, పొరపాటు పడినాను," అంది చివరికి. "మావోడికి ఇయ్యాల డూటీ కదా. ఆపీసులో ఉంటాడు."

ఆ మాట అని, నేను ఊడ్చుకోవడానికి వీలుగా, కాళ్లు రెండూ సీటు మీదికి తీసుకుంది.